స్ప్రూస్ అడవిలో పరిశోధనకు వెళ్తున్న అమ్మాయికి

చిరంజీవి అమ్మాయికి పెదనాన్న ఆశీస్సులు.

జర్మనీలోని బవేరియాలో, సూది ఆకుల స్ప్రూస్ చెట్ల అడవుల ఆరోగ్యం మీద పరిశోధన చేయడానికి నీకు అవకాశం వచ్చిందని మీ నాన్న ఫోన్ చేసి చెప్పాడు. చాలా సంతోషించాను. ఆ అడవుల్లో చాలా ఏళ్లు పనిచేసినవాణ్ణి కనుక, నీవు బయలుదేరే లోపు కొన్ని సంగతులు చెప్పాలనిపించి రాస్తున్నాను. అన్నిటికంటే ముఖ్యమైనది ఏమిటంటే, పచ్చగా ఉందని చెప్పి ఏ స్ప్రూస్ చెట్టునూ ఆరోగ్యంగా ఉన్నట్లు రాసుకోవద్దు. మన పొలంలో పైరుకు నీరు తగ్గితే మధ్యాహ్నానికల్లా ఆకు వాలిపోయి తన బాధ చెబుతుంది. స్ప్రూస్ సూది ఆకు అలా వాలదు. ఈ ఏడు పడిన కష్టం వచ్చే ఏడో, ఆపై ఏడో గాని బయటపడదు.

ఈ సంగతి నాకు ఒక చెట్టు వల్ల తెలిసింది. నా తొలి వేసవిలో, జూన్ నెలలో, బైనాక్యులర్‌తో కొనలు చూసి ఒక ప్లాటులోని, అంటే కొలతల కోసం హద్దు గీసుకున్న అడవి ముక్కలోని, చెట్లన్నీ బాగున్నాయని రాశాను. ఆగస్టులో మళ్లీ వెళ్లేసరికి వాటిలో ఒకదాని బెరడు అరచేతి వెడల్పు పెచ్చులుగా ఊడి కింద పడి ఉంది. ఒక పెచ్చు తిప్పి చూశాను. లోపలి వైపు బెరడు పురుగుల్లో తల్లి పురుగు నిలువుగా తొలిచిన బాట, దానికి రెండు పక్కలా పిల్ల పురుగులు తొలిచిన సన్నని బాటలు దువ్వెన పళ్లలా ఉన్నాయి. తలెత్తి చూస్తే కొన అప్పటికీ పచ్చగానే ఉంది. జూన్‌లోనే వంగి చెట్టు మొదలు చూసి ఉంటే ఆనవాలు దొరికేదేమోనని ఇప్పటికీ అనిపిస్తుంది. అందుకని నీవు మోకాళ్ల మీద కూర్చుని వెతకాలి. బెరడు పగుళ్లలో, నాచు మీద, సాలెగూళ్లలో కాఫీ పొడిలాంటి గోధుమరంగు పొడి కనిపిస్తే బెరడు పురుగు లోపలికి దిగిందన్నమాట. వాన పడితే ఆ పొడి కొట్టుకుపోతుంది కాబట్టి, రెండు మూడు రోజులు వాన లేకుండా గడిచాక చూడు. గాలి వేడి సుమారు 16.5 డిగ్రీలు దాటితే ఈ పురుగులు గుంపులుగా ఎగరడం మొదలుపెడతాయి కనుక, వసంతం నుంచే తిరగవలసి ఉంటుంది.

బలంగా ఉన్న చెట్టు, పురుగు తొలిచిన చోటల్లా జిగురు కార్చి దాన్ని ముంచేస్తుంది. నీటి ఎద్దడి తీవ్రమైతే ఆ శక్తి తగ్గుతుంది. స్ప్రూస్ స్వతహాగా చలికొండల చెట్టు, వేళ్లు ఎక్కువగా పైమట్టిలోనే పరుచుకుంటాయి. కలప కోసం దాన్ని పల్లపు నేలలకు దించి, ఒకే వయసు చెట్లతో తోటల్లా పెంచారు. 2018 నుంచి వరుసగా వచ్చిన కరువుల్లో ఉత్తర జర్మనీలోని హార్జ్ కొండలు బోడిగా మారడానికి ఇదొక పెద్ద కారణం.

అయితే ఎండిన చెట్లను మాత్రమే చూసి తీర్పు చెప్పకూడదు. మ్యూనిక్ దగ్గర క్రాంజ్‌బర్గ్ అడవిలో జరిగిన ప్రయోగాన్ని శ్రద్ధగా చదువు. వాన పడినప్పుడు మాత్రమే మూసుకునే పైకప్పులను చెట్ల కింద అమర్చి, 2014 నుంచి 2018 వరకు ఐదు వేసవులు స్ప్రూస్ చెట్లకు, బీచ్ అనే ఆకురాల్చే చెట్లకు వాన నీరు అందకుండా చేసి, 2019లో మళ్లీ నీరు పెట్టారు. స్ప్రూస్ ఎదుగుదల మొదట్లోనే బాగా పడిపోయింది. కానీ క్రమంగా ఆకుల విస్తీర్ణం తగ్గించుకుని, ఉన్న కొద్ది నీటితో నెట్టుకొచ్చింది. పలచబడిన కొన రోగ లక్షణమా, లేక చెట్టు చేసుకున్న సర్దుబాటా? ఒక్క వేసవి లెక్కలతో దీనికి జవాబు దొరకదు. నీ పరిశోధనకు మూడేళ్లే గడువు ఉంటుంది కాబట్టి, ఎప్పటి నుంచో కొలతలు ఉన్న ప్లాటునే అడిగి తీసుకో; కొత్త ప్లాటు ఇస్తామన్నా ఒప్పుకోవద్దు.

1980ల్లో అడవులన్నీ చచ్చిపోతున్నాయని జర్మనీ అంతా కలవరపడింది. ఫిష్టెల్‌గెబిర్గె కొండల్లో ముదురు ఆకులు ఎండ తగిలే పైభాగాన పసుపెక్కి, నీడపట్టున పచ్చగానే ఉండేవి. ఆమ్ల వర్షాల వల్ల నేలలో మెగ్నీషియం తరిగిపోవడం దానికి కారణమని తేలింది. భయపడినట్లు అడవులన్నీ పోలేదు, అలాగని ఆ భయం ఉత్తిదీ కాదు. ఆకు పసుపెక్కితే వెంటనే కరువు అని రాయకుండా, ఏ వయసు ఆకు, ఏ వైపు అన్నది గమనించు. కొమ్మ మీద కణుపులు లెక్కపెడుతూ వెనక్కి వెళ్తే ఒక్కో ఏడాది ఆకు విడిగా తెలుస్తుంది.

కొలతల్లో ఒక్క జాగ్రత్త చెబుతాను. చెట్టులోని నీటి స్థితి తెలియాలంటే వెలుతురు రాకముందే కొమ్మ కొస కోసి, గాలి ఒత్తిడితో కొమ్మలోని నీటిని కోత దగ్గరికి నెట్టే ప్రెషర్ చాంబర్ అనే పరికరంలో పెట్టాలి. కోసిన చోట తడి మెరిసిన క్షణంలో ఉన్న ఒత్తిడే లెక్క. స్ప్రూస్‌లో నీటికంటే ముందు జిగురు పొంగి కళ్లను మోసం చేస్తుంది. కోత దగ్గర బెరడు కొద్దిగా ఒలిచి, లోపలి కట్టెను మాత్రమే భూతద్దంతో చూడు. మాను నుంచి తొలిచి తీసే నమూనాలను ప్రయోగం చివరికి ఉంచుకో. ఆ గాయం కూడా చెట్టుకు ఒత్తిడే.

చెట్ల మొదళ్ల దగ్గర కూర్చునే పని కనుక ఇంకొక మాట. అక్కడి గడ్డిలో పిడుదులు ఎక్కువ, వాటి కాటుతో మెదడువాపు రావచ్చు. దానికి టీకా ఉంది, మూడు మోతాదులు. చేరిన వారంలోనే మొదటిది వేయించుకుని నాకు ఉత్తరం రాయి.

నీ పెదనాన్న