చలిలో ఛాతీ బరువెక్కితే గ్యాస్ అని సరిపెట్టుకోవద్దు

ప్రశ్న: మా నాన్నకు 54 ఏళ్లు. మిర్యాలగూడ దగ్గర వడ్ల కొనుగోలు కేంద్రంలో హమాలీ. ఇంత చలిలో కూడా తెల్లవారుజామున 4 గంటలకే లారీ లోడింగ్‌కు పోతాడు. చేతివేళ్లు చల్లబడి తిమ్మిరెక్కుతున్నాయి. బీపీ గోళీ వల్లే అట్లా అయితుందని ఎవరో చెబితే అటెనొలాల్ 50 మూడు వారాల కింద మానేశాడు. ఇప్పుడు బస్తాలు మోస్తుంటే ఛాతీ బరువెక్కుతుందని, కూర్చుంటే తగ్గుతుందని అంటున్నాడు. ఊళ్లో ఆర్ఎంపీ గ్యాస్ గోళీ, ఒళ్లునొప్పులకు డైక్లోఫెనాక్ ఇచ్చాడు. రాత్రిళ్లు లారీ క్యాబిన్‌లో కుంపటి పెట్టుకుని పడుకుంటాడు. ఒంట్లో వేడి పుట్టాలంటే ఏ నూనె రాయాలి, ఏ టానిక్ వాడాలి?
– ఒక పాఠకుడు, నల్గొండ జిల్లా

జవాబు: నూనె, టానిక్ సంగతి తర్వాత. ముందు ఆ ఛాతీ బరువు. పని చేస్తే వచ్చి, కూర్చుంటే కొద్ది నిమిషాల్లో తగ్గే బరువును, వేరే కారణమని తేలేదాకా గుండెనొప్పిగానే చూడాలి. చలికి చర్మంలోని రక్తనాళాలు ముడుచుకుంటాయి, బీపీ పెరుగుతుంది, గుండెకు పని పెరుగుతుంది. దాని మీద 40 కిలోల బస్తా. గుండె రక్తనాళాల్లో పూడిక ఉంటే సరిగ్గా ఇలాంటప్పుడే బయటపడుతుంది. గ్యాస్ గోళీ వేసుకున్నాక తగ్గిందంటే గ్యాసేనని రుజువైనట్టు కాదు. పని ఆపి కూర్చున్నందుకే తగ్గి ఉండొచ్చు.

నన్ను ఎక్కువ కలవరపెట్టింది అటెనొలాల్ మానేయడం. ఆ మందుతో కొందరికి చేతులు చల్లబడతాయి, అది నిజమే. కానీ మానే పద్ధతి ఇది కాదు. అది గుండె వేగాన్ని అదుపులో పెట్టే మందు. ఉన్నట్టుండి ఆపితే గుండె వేగం, బీపీ ఎగబాకుతాయి. గుండె జబ్బు ఉన్నవారిలో నొప్పి ముదిరి గుండెపోటుకూ దారితీయొచ్చు. మందు పడకపోతే డాక్టర్ మోతాదును మెల్లగా తగ్గిస్తూ వేరే మందుకు మారుస్తారు. ఇది చదివి మళ్లీ మీ అంతట మీరే మొదలుపెట్టకండి. ముందు పల్స్, బీపీ, ఈసీజీ చూడాలి. ప్రభుత్వ దవాఖానలో బీపీ గోళీలు ఉచితంగా ఇస్తారు, మందు పడటం లేదని చెబితే మారుస్తారు కూడా. అక్కడ అడగాల్సింది పక్కవాళ్లను అడిగి మానేస్తే ఎలా చెప్పండి?

డైక్లోఫెనాక్ కూడా ఆపండి. అది బీపీ పెంచుతుంది, కిడ్నీకీ గుండెకూ మంచిది కాదు. మెడికల్ షాపులో అడిగి తెచ్చుకునే జలుబు గోళీల్లో ఫినైలెఫ్రిన్ ఉంటే అదీ బీపీ పెంచుతుంది.

రేపటికి వాయిదా వేయకుండా ఈరోజే ఈసీజీ తీయించండి. ఒక్కటి బాగుందని వదిలేయొద్దు. నొప్పి లేనప్పుడు తీస్తే పూడిక ఉన్నా ఈసీజీ మామూలుగానే రావచ్చు. ఎకో (గుండె స్కానింగ్), ట్రెడ్‌మిల్ పరీక్ష (నడిపిస్తూ తీసే ఈసీజీ) కావాలా అన్నది గుండె డాక్టర్ చెబుతారు. వాడిన గోళీల పట్టీలన్నీ వెంట తీసుకెళ్లండి. అప్పటిదాకా బస్తా ఎత్తనివ్వకండి. కూర్చున్నా తగ్గకుండా పది పదిహేను నిమిషాలు నొప్పి ఉన్నా, చల్లచెమటలు పట్టినా, ఆయాసం వచ్చినా బైక్ మీద కాకుండా 108లో తీసుకెళ్లండి. ఆస్పిరిన్ నమిలించాలా అన్నది 108 వాళ్లను అడగండి. అలర్జీ, కడుపులో పుండు, రక్తస్రావం ఉన్నవారికి అది ప్రమాదం.

క్యాబిన్‌లో కుంపటి ఈ రాత్రి నుంచే వద్దు. బొగ్గుల నుంచి వచ్చే కార్బన్ మోనాక్సైడ్‌కు వాసన ఉండదు, నిద్రలోనే ప్రాణం తీస్తుంది. తలనొప్పి, వాంతి వచ్చినట్టు ఉంటే వెంటనే బయటికి రావాలి. అద్దం కాస్త దించితే చాలనుకోవద్దు. చలిమంట ఆరుబయటే కాచుకుని, ఆర్పి, గొంగడి కప్పుకుని పడుకోమనండి.

తిమ్మిర్లకు కారణాలు చాలా ఉంటాయి: షుగర్, బీడీలు, బరువులు మోసి మెడలో నరం నొక్కుకోవడం, మీ జిల్లాలో ఫ్లోరోసిస్ (నీళ్లలో ఫ్లోరైడ్ ఎక్కువై వచ్చే జబ్బు) కూడా. షుగర్ పరీక్ష కూడా చేయించండి. తిమ్మిరి ఉన్నవారికి వేడి తెలియదు, మంట దగ్గర కాళ్లు కాల్చుకుంటారు. వేళ్లు తెల్లగా, ఆ తర్వాత నీలంగా మారుతుంటే అదీ డాక్టర్‌కు చెప్పాలి.

డాక్టర్ అనుమతిచ్చాక పనికి వెళ్లినా, రాగానే బస్తా ఎత్తొద్దు. పది నిమిషాలు తేలిక పని చేసి ఒళ్లు వెచ్చబడ్డాకే మొదలుపెట్టాలి. ఒక మందపాటి స్వెటర్ కన్నా వదులుగా రెండు మూడు పొరలు మేలు. అసలు ఇబ్బంది చెమటతో. లోడింగ్‌లో తడిసిన బనియన్‌తోనే గాలికి కూర్చుంటే ఒంట్లో వేడి వేగంగా పోతుంది. ఇంకో పొడి బనియన్ సంచిలో ఉండాలి. చెవులకు మఫ్లర్, చేతులకు తొడుగులు, చెప్పులకు బదులు సాక్సు, బూట్లు. వేడి కోసమని మద్యం తాగితే చర్మం వెచ్చగా అనిపిస్తుంది కానీ లోపలి వేడి బయటికి పోతుంది. వణుకుతూ మాట తడబడుతున్నా, చేతులు పట్టు తప్పుతున్నా తడి బట్టలు మార్చి, కప్పి దవాఖానకు తీసుకెళ్లాలి.

టానిక్ అక్కర్లేదు. నువ్వుల నూనె రాస్తే చర్మం పగలదు, అంతవరకే. ఈ సీజన్‌లో కూలి పోతుందని ఆయన ఒప్పుకోకపోతే, పరీక్షలయ్యేదాకా కాంటా దగ్గర రాసే పనో, బస్తాలు కుట్టే పనో ఇప్పించమని మేస్త్రీతో మీరే మాట్లాడండి.