సూది పరీక్ష అయింది కదా, మళ్ళీ ముక్క ఎందుకు?

ప్రశ్న: మాది ఆదోని. అమ్మకు మెడ పక్కన గడ్డ లేచి మూడు నెలలైంది, సాయంత్రమైతే సన్నగా జ్వరం. కర్నూలులో సూదితో తీసి చూసినారు, ఏదీ ఖాయంగా చెప్పలేం బయాప్సీ, అంటే గడ్డలోంచి ముక్క కోసి పరీక్ష, చేయాలంటున్నారు, రిపోర్టుకు వారం అంట. కత్తి తగిలితే జబ్బు ఒళ్ళంతా పాకుతుందని మా పెద్దమ్మ ఒకటే గొడవ. చేయించాలా వద్దా డాక్టరుగారూ?

జవాబు: చేయించండమ్మా, ఇంకా ఆలస్యం వద్దు. పాకుతుందనే భయంతో నెలలు గడిపి ముదిరాక వచ్చేవాళ్ళని చూస్తే కడుపు తరుక్కుపోతుంది నాకు.

సూదికి వచ్చేవి కొన్ని విడి కణాలే. గుప్పెడు శనక్కాయలు చేతిలో పోస్తే గింజ ఎట్లుందో చెప్తాం గానీ చేను ఎట్లుందో చెప్పలేం కదా, ముక్కలో అయితే ఆ చేనంతా కనపడుతుంది, సాళ్ళు ఎక్కడ చెదిరినాయో కూడా. మీ అమ్మగారి విషయంలో ముఖ్యంగా తేల్చాల్సింది టీబీనా లింఫోమానా (లింఫు గ్రంథుల క్యాన్సర్) అని, జ్వరం రెండిట్లోనూ వస్తుంది, తడిమి చూసి చెప్పేది కాదు. టీబీ అయితే మధ్యలో కణాలు చచ్చి గులాబీ రంగు ముద్దలా ఉంటాయి, దాని చుట్టూ పెద్ద కణాలు, వాటిలోని న్యూక్లియస్‌లన్నీ (కణం లోపలి కేంద్రకాలు) గుర్రపు లాడంలా అంచున పేర్చినట్టు. అదే లింఫోమాలో ఒక రకమైన హాడ్జ్‌కిన్ లింఫోమా అయితే గుడ్లగూబ రెండు కళ్ళతో మననే చూస్తున్నట్టుండే కణం ఒకటి దొరుకుతుంది, దానికోసం స్లైడంతా వెతుకుతాం.

వారం ఎందుకంటే ముక్క కుళ్ళకుండా ఉంచే ఫార్మలిన్ మందులో ఒక రోజన్నా నానాలి, ఆల్కహాల్‌తో నీళ్ళు లాగేయాలి, మైనంలో దిమ్మ కట్టి 3 నుంచి 5 మైక్రాన్ల పొరలు కోయాలి, తలవెంట్రుక మందంలో పదో వంతు కూడా ఉండదు అది, ఆ తర్వాత రంగులు. అప్పటికీ తేలకపోతే టీబీ క్రిమి కోసం ఇంకో రంగు, లింఫోమా అనుమానమైతే ఐహెచ్‌సీ (కణాల మీది ప్రోటీన్లను బట్టి అది ఏ రకమో గుర్తించే పరీక్ష), ఇంకొన్ని రోజులు పడుతుంది.

ఒక్కటి మాత్రం మర్చిపోవద్దు. ముక్కలో కొంచెం ఫార్మలిన్‌లో వేయకుండా విడిగా సెలైన్‌లో పెట్టమని సర్జన్‌గారిని ముందే అడగండి, టీబీ కల్చర్‌కి (క్రిమిని ల్యాబ్‌లో పెంచి చూసే పరీక్ష), సీబీనాట్‌కి (క్రిమి జన్యువుని మెషీన్‌లో పట్టే పరీక్ష) అది కావాలి. ఫార్మలిన్ తగిలితే క్రిమి చచ్చిపోతుంది, ఇంక కల్చర్ చేసేదేముంది? మొత్తం ఫార్మలిన్‌లో మునిగి వచ్చే ముక్కలు చాలా చూశాను, ప్రతిసారీ బాధేస్తుంది.

రిపోర్టుతో పాటు స్లైడ్లు, ఆ మైనపు బ్లాకు కూడా అడిగి తీసుకోండి, ఇంకోచోట చూపించాలంటే మళ్ళీ కోయక్కర్లేదు. టీబీ అని తేలితే మందులు ప్రభుత్వాసుపత్రిలో ఉచితం, మామూలుగా 6 నెలలు వాడాలి. రిపోర్టు రాగానే అందులో ఉన్నది ఉన్నట్టు రాసి పంపండి, చూసి చెప్తా.