గవర్నమెంట్ బడుల్లో క్లాసుకి పిల్లల్ని తగ్గిస్తే, పెట్టే ఖర్చుకి తగ్గ ఫలితం వస్తుందా?

వస్తుంది, కానీ అన్ని క్లాసుల్లో ఒకేలా కాదండి. అమెరికాలో టెన్నెసీ రాష్ట్రంలో 1985లో స్టార్ అని ఒక పెద్ద ప్రయోగం మొదలుపెట్టి, పిల్లల్ని లాటరీ తీసినట్టు 13-17 మంది ఉండే క్లాసుల్లో కొందర్ని, 22-25 మంది ఉండే క్లాసుల్లో కొందర్ని వేసి మూడో తరగతి దాకా చూశారు, చిన్న క్లాసుల వాళ్ళు చదవడంలో లెక్కల్లో ముందున్నారు, పేద పిల్లలకైతే ఇంకా బాగా కలిసొచ్చింది.

ఖర్చంటారా, జీతాలే అసలు భారం. 120 మందిని 40 చొప్పున కూర్చోబెడితే ముగ్గురు టీచర్లు, 20 చొప్పున అయితే ఆరుగురు, రూములు కూడా డబుల్. కాలిఫోర్నియా 1996లో తొందరపడి క్లాసులు 20కి దించితే అనుభవం లేనోళ్ళని, సరైన ట్రైనింగ్ లేనోళ్ళని తీసుకోవాల్సొచ్చింది, దాంతో ఎక్కువ నష్టపోయింది పేదోళ్ళ బడులే.

ఇక మన దగ్గరికొస్తే, 2009 విద్యాహక్కు చట్టం ప్రైమరీలో 30 మందికి ఒక టీచర్ అంటుంది, 60 మంది లోపు ఉంటే ఇద్దరు చాలు అంటుంది. ఇక్కడే చిక్కు. తిరుపతి టౌన్లో పెద్ద బడి వేరు, పలమనేరు కుప్పం పక్క చిన్న పల్లెలో బడి వేరు, అక్కడ పాతిక మందే ఉన్నా ఒకటి నుంచి ఐదు దాకా ఇద్దరే చెప్పాలి, ఒకరు లీవు పెడితే ఐదు క్లాసులూ ఒక్కరి మీదే. కాగితం మీద లెక్క బ్రహ్మాండంగా ఉంటుంది, రెండో తరగతి పిల్లోడికి మాత్రం అక్షరం దిద్దించే మనిషి దొరకడు. నన్నడిగితే డబ్బు ముందు ఒకటి రెండు తరగతులకి సొంత టీచర్ని ఇవ్వడానికే పెట్టాలి, హైస్కూల్ సెక్షన్లు తర్వాత చూసుకోవచ్చు.