చీమ కుట్టిందా, కరిచిందా?

ప్రశ్న: పదో తరగతి పిల్లలకు ఆమ్లాల పాఠం చెప్పేటప్పుడు, చీమ కుడితే మంట పుట్టడానికి ఫార్మిక్ ఆమ్లం కారణమని ఏటా చెబుతూ వస్తున్నాను. ఈసారి ఒక అమ్మాయి లేచి, "అన్ని చీమల్లోనూ ఆ ఆమ్లం ఉంటుందా టీచర్? మా ఇంట్లో ఎర్ర చీమ కుట్టినట్టు నల్ల చీమ కుట్టదు కదా?" అని అడిగింది. నా దగ్గర సమాధానం లేకపోయింది. ఎర్ర చీమ, నల్ల చీమ, గండుచీమ, చలిచీమ అని మనం చెప్పుకునే రకాలను శాస్త్రజ్ఞులు ఏ ప్రాతిపదికన విభజిస్తారో వివరించగలరు.
— ఒక ఉపాధ్యాయిని, రాజాం

జవాబు: మీ విద్యార్థిని అడిగినది చాలా మంచి ప్రశ్న. చీమల్లో ఒక పెద్ద సమూహాన్ని మిగిలినవాటి నుంచి వేరు చేసే లక్షణం సరిగ్గా ఆ ప్రశ్నలోనే ఉంది. ముందుగా సూటిగా చెబుతాను: అన్ని చీమల్లోనూ ఫార్మిక్ ఆమ్లం ఉండదు. ఇంట్లో చక్కెర డబ్బా చుట్టూ, గుమ్మం పక్కన మట్టిలో కనిపించి చురుక్కుమని కుట్టే చిన్న ఎర్ర చీమ విషంలో మంట పుట్టించేది ఆ ఆమ్లం కానే కాదు.

చీమలన్నీ కలిసి ఫార్మిసిడే అనే ఒకే కుటుంబం. తేనెటీగలు, కందిరీగలు ఉన్న క్రమంలోనే ఈ కుటుంబమూ ఉంది. 1758లో స్వీడన్ శాస్త్రజ్ఞుడు లిన్నేయస్ జంతువులకు జంటపేర్లు పెట్టినప్పుడు తనకు తెలిసిన చీమలన్నింటినీ ఫార్మికా అనే ఒక్క ప్రజాతిలోనే (దగ్గరి బంధువులైన జాతుల గుంపును ప్రజాతి అంటారు) చేర్చాడు. లాటిన్‌లో ఆ మాటకు చీమ అనే అర్థం. ఈనాడు పేర్లు పెట్టిన చీమ జాతులే 14,000 దాటాయి. వాటిని పదహారు ఉపకుటుంబాలుగా విభజించారు. వాటిలో అన్నిటికంటే పెద్దది మిర్మిసినే. రెండవది ఫార్మిసినే; ఇందులో సుమారు యాభై ప్రజాతులు, మూడు వేలకు పైగా జాతులు ఉన్నాయి. మీ పాఠంలోని ఆమ్లం ఈ రెండవ సమూహానికి చెందినది.

కందిరీగకూ తేనెటీగకూ ఉన్నట్లే చాలా చీమలకు పొట్ట చివర ముల్లు ఉంటుంది. గుడ్లు పెట్టే అవయవమే కాలక్రమంలో అలా మారింది కనుక ఆడవాటికే ముల్లు ఉంటుంది. ఫార్మిసినే చీమల్లో ఈ ముల్లు పోయింది. దానికి బదులుగా పొట్ట కొసన ఉండే కడపటి పలక చుట్టుకొని, చిన్న కూజా మూతి వంటి గుండ్రని రంధ్రంగా ఏర్పడింది. చాలా జాతుల్లో ఆ రంధ్రం చుట్టూ సన్నని వెంట్రుకలు వరుసగా నిలిచి ఉంటాయి. లోపలి గ్రంథిలో తయారైన ఫార్మిక్ ఆమ్లాన్ని చీమ ఈ రంధ్రం గుండా చిమ్ముతుంది. శరీరం ఎర్రగా ఉన్నా నల్లగా ఉన్నా, చీమ రెండు మిల్లీమీటర్లది అయినా మూడు సెంటీమీటర్లది అయినా, ఈ రంధ్రం ఉంటే అది ఫార్మిసినే చీమ. ఇంత విస్తారమైన సమూహాన్ని ఒక్క అవయవం ఆధారంగా గుర్తించగలగడం కీటకశాస్త్రంలో తరచుగా దొరికే సౌకర్యం కాదు. అమెరికాలోని న్యూజెర్సీ రాష్ట్రంలో దొరికిన, సుమారు తొమ్మిది కోట్ల ఇరవై లక్షల సంవత్సరాల నాటి శిలాజ గుగ్గిలంలో చిక్కిన ఒక చీమకు కూడా ఈ రంధ్రం స్పష్టంగా కనిపించింది. అంటే డైనోసార్ల కాలానికే ఈ సమూహం వేరుపడింది.

దీనిని మీరు తరగతిలోనే చూపించవచ్చు. చచ్చిన చీమలను తెల్ల కాగితం మీద పెట్టి, మంచి భూతద్దంతో మొదట నడుమును చూడమనండి. చిన్న ఎర్ర చీమకు నడుము దగ్గర పూసగుచ్చినట్టు రెండు కణుపులు ఉంటాయి. అది మిర్మిసినే లక్షణం. గండుచీమకు ఒక్క కణుపే ఉంటుంది. అయితే నడుము ఒక్కటే చూసి నిర్ణయించకూడదు, ఎందుకంటే ముల్లు ఉన్న పోనెరినే ఉపకుటుంబపు చీమల్లోనూ, ముల్లూ ఈ గుండ్రని రంధ్రమూ రెండూ లేని డోలికోడెరినే ఉపకుటుంబపు చీమల్లోనూ కణుపు ఒక్కటే. కాబట్టి నడుము తరువాత పొట్ట కొసను కూడా చూడాలి. నా అనుభవంలో పిల్లలు ఈ రెండు గుర్తులను పెద్దల కంటే త్వరగా పట్టుకుంటారు.

ఇక మన మాట సంగతి. తెలుగులో ఏ చీమ బాధపెట్టినా "చీమ కుట్టింది" అనే అంటాం. కుట్టాలంటే ముల్లు ఉండాలి. చిన్న ఎర్ర చీమకు, అంటే ఎక్కువ చోట్ల మనం చూసే సోలెనాప్సిస్ ప్రజాతి చీమకు, ముల్లు ఉంది. అది దవడలతో చర్మాన్ని పట్టుకొని, పొట్ట వంచి ముల్లు దించుతుంది. ఆ విషంలో ప్రధానంగా ఉండేవి ఆల్కలాయిడ్లు అనే నత్రజని సమ్మేళనాలు. మామిడి చెట్టు మీది పెద్ద ఎర్ర చీమకు ముల్లు లేదు. అది దవడలతో కరిచి, పొట్టను ముందుకు వంచి ఆ గాటు మీద ఆమ్లం చిమ్ముతుంది. రెండింటినీ మనం "ఎర్ర చీమ" అనే అంటున్నాం గాని, వంశక్రమాన్ని బట్టి చూస్తే మామిడి చెట్టు ఎర్ర చీమకు ఇంట్లోని ఎర్ర చీమ కంటే నల్లటి గండుచీమే దగ్గరి చుట్టం. చలిచీమ అనే పేరు కూడా ఇటువంటిదే. చిన్నగా నల్లగా కనిపించే పలు ప్రజాతుల చీమలను ఆ ఒక్క పేరుతోనే పిలుస్తాం. రంగు మన కంటికి వెంటనే కనిపించే గుర్తే అయినా, బంధుత్వం విషయంలో దానిని నమ్మలేం.

ఫార్మిక్ ఆమ్లానికి ఆ పేరు రావడానికి కారణం ఈ సమూహమే. ఇంగ్లండుకు చెందిన ప్రకృతి శాస్త్రజ్ఞుడు జాన్ రే చీమలను బట్టీ పెట్టి (స్వేదనం చేసి) ఈ ఆమ్లాన్ని తీసిన విధానాన్ని 1671లో వివరించాడు. కనుక మీ పాఠంలోని వాక్యం తప్పు కాదు, అసంపూర్ణం. "కొన్ని చీమలు కరిచి చిమ్మే ద్రవంలో ఫార్మిక్ ఆమ్లం ఉంటుంది" అని చెబితే సరిపోతుంది.

ప్రశ్న: మా పెరట్లో చిక్కుడు పాదు మీదికి గండుచీమలు బారులు తీరి పోతుంటాయి. అదే బారులో కొన్ని చీమలు చిన్నవిగా, కొన్ని పెద్ద తలతో బలంగా ఉంటాయి. ఇవి రెండు వేరు వేరు జాతులా? గండువి అంటే మగవేనా?
— ఒక పాఠకుడు, జగిత్యాల

జవాబు: రెండూ ఒకే జాతి, చాలావరకు ఒకే తల్లి బిడ్డలు. పైగా ఆ బారులో మగది ఒక్కటి కూడా ఉండదు. గండుపిల్లి అన్నప్పటిలా ఇక్కడ కూడా "గండు" అంటే మగది అనుకోవడం సహజమే; కానీ పుట్టలోంచి బయటికి వచ్చి పనిచేసే చీమలన్నీ ఆడవే. మగచీమలకు రెక్కలు ఉంటాయి. అవి రాణితో కలిసేందుకు ఎగిరి, ఆ తరువాత కొద్దికాలానికే చచ్చిపోతాయి. వాన వెలిసిన సాయంత్రం దీపం చుట్టూ చేరే ఉసిళ్ళను వాటితో పొరబడకండి. ఉసిళ్ళు రెక్కలు వచ్చిన చెదపురుగులు. వాటిని తెల్ల చీమలని పిలిచినా అవి బొద్దింకల బంధువులే గాని చీమలు కావు. పాములు చేరే ఆ పెద్ద మట్టి పుట్టలు కట్టేది కూడా ఆ చెదపురుగులే. మన సామెతలో ఆ గొప్ప చీమలకు దక్కింది.

మీరు చూసిన గండుచీమ శాస్త్రీయ నామం కాంపొనోటస్ కంప్రెసస్. 1787లో డెన్మార్క్ కీటకశాస్త్రజ్ఞుడు ఫాబ్రీషియస్ దీనిని వర్ణించాడు. కాంపొనోటస్ ప్రజాతిని ఆస్ట్రియా కీటకశాస్త్రజ్ఞుడు గుస్టావ్ మయర్ 1861లో ఏర్పరచాడు. ఈనాడు ఆ ఒక్క ప్రజాతిలోనే వెయ్యికి పైగా జాతులు ఉన్నాయి. మన చేలలో పొట్ట మీద బంగారు రంగు నూగుతో మెరుస్తూ ఒంటరిగా తిరిగే చీమను గమనించారేమో, అది కూడా ఈ ప్రజాతిలోదే. పేరు కాంపొనోటస్ సెరిసియస్. ఒకే పుట్టలో ఇన్ని పరిమాణాలు ఉండటం, మగవాటి రూపం పూర్తిగా వేరుగా ఉండటం వల్ల, పాత రోజుల్లో ఒకే జాతిని రెండు మూడు పేర్లతో వర్ణించిన సందర్భాలు ఎన్నో ఉన్నాయి. ఆ చిక్కులు విప్పడమే వర్గీకరణ శాస్త్రజ్ఞుల పనిలో పెద్ద భాగం.

ఆ పని ఇంకా సాగుతూనే ఉంది. 2016లో ఫిలిప్ వార్డ్, బానీ బ్లైమర్, బ్రయన్ ఫిషర్ అనే చీమల శాస్త్రజ్ఞులు డీఎన్ఏ ఆధారంగా ఫార్మిసినే మొత్తాన్ని తిరిగి పరిశీలించి పదకొండు తెగలుగా (ఉపకుటుంబానికీ ప్రజాతికీ మధ్య ఉండే విభాగాలుగా) అమర్చారు. అంతవరకు కాంపొనోటస్‌లో ఉప ప్రజాతులుగా ఉన్న కోలోబాప్సిస్, డైనోమిర్మెక్స్ అప్పుడే స్వతంత్ర ప్రజాతులయ్యాయి. ఆగ్నేయాసియా అడవుల్లో తిరిగే సుమారు మూడు సెంటీమీటర్ల పెద్ద చీమ ఈ డైనోమిర్మెక్స్‌లోదే. తేనె కుండల చీమలది మరొక పాఠం. పొట్టను ద్రాక్షపండంత ఉబ్బించుకొని, తోటి చీమల కోసం అందులో తియ్యని ద్రవం నిలవ చేసే చీమలు అమెరికా ఎడారుల్లో ఉన్నాయి, ఆస్ట్రేలియా ఎడారుల్లోనూ ఉన్నాయి. చూడటానికి అచ్చం ఒకలాగే ఉన్నా అమెరికావి మిర్మెకోసిస్టస్ ప్రజాతి, ఆస్ట్రేలియాలోని ఒకటి మన గండుచీమ ప్రజాతికే చెందిన కాంపొనోటస్ ఇన్‌ఫ్లాటస్. కరువు నేల నేర్పిన ఒకే ఉపాయాన్ని వేరు వేరు వంశాలు విడివిడిగా సాధించాయన్నమాట.

మన దేశపు చీమల జాబితాను 2016లో ప్రచురించినప్పుడు జాతులు, ఉపజాతులు కలిపి 828 పేర్లు లెక్కకు వచ్చాయి. ఈ లెక్కకు తొలి పునాదులు వేసినవారిలో మన నేలతో సంబంధం ఉన్న ఒకరిని తలచుకోవాలి. నెల్లూరులో సివిల్ సర్జనుగా పనిచేసిన థామస్ జెర్డన్ దక్షిణ భారత చీమల జాబితాను 1851లో ప్రకటించాడు. కడప లంకమల అడవుల్లో 1986లో తిరిగి కనిపించిన కలివికోడికి ఇంగ్లీషులో ఉన్నది ఈ జెర్డన్ పేరే. చెట్ల కాండాల మీద తిరుగుతూ, నడుము దగ్గర ఎరుపు, తలా పొట్టా నలుపుగా ఉండి తీవ్రంగా కుట్టే చీమకు శాస్త్రీయంగా పేరు పెట్టినదీ ఆయనే. అది నిజంగానే కుడుతుంది. ఫార్మిసినే చీమ కాదు.

చిక్కుడు పాదు విషయానికి వస్తే, మీ గండుచీమలు ఎక్కేది కాయల కోసం కాదు, లేత కొమ్మలకు పట్టిన పేనుబంక కోసం. పేనుబంక విసర్జించే తియ్యని చుక్కను తాగి, పుట్టకు తిరిగి వచ్చి, ఎదురైన తోటి చీమ నోటికి నోరానించి అందులో కొంత పంచుతుంది. పేనుబంకను పోగొడితే చీమలు వాటంతట అవే తగ్గుతాయి.

ప్రశ్న: మా జీడితోటలో ఎర్ర చీమలు ఆకులు అతికించి గూళ్ళు కడుతున్నాయి. గింజ ఏరేటప్పుడు కూలీలు చాలా ఇబ్బంది పడుతున్నారు. మందు కొట్టించమంటారా?
— ఒక రైతు, పలాస

జవాబు: కొట్టించవద్దని నా విన్నపం. ఇవి పైన చెప్పిన మామిడి చెట్టు ఎర్ర చీమలే. శాస్త్రీయ నామం ఈకోఫిల్లా స్మరాగ్డినా. మరకతం వంటిదని ఆ పేరుకు అర్థం. మన దగ్గర ఎర్రగా ఉన్నా, ఆస్ట్రేలియాలో వీటి పొట్ట పచ్చగా ఉంటుంది. గండుచీమ ప్రజాతిలో వెయ్యి జాతులుంటే ఈ ప్రజాతిలో నేడు బతికి ఉన్నవి రెండే రెండు, ఇది ఒకటి, ఆఫ్రికాలోది మరొకటి. ఈ ప్రజాతికి ప్రత్యేకంగా ఒక తెగ ఉంది.

తెల్లవారుజామున నిదానంగా నిలబడి చూస్తే గూడు కట్టే తీరు కనబడుతుంది. కొన్ని చీమలు వరుసగా నిలిచి రెండు ఆకుల అంచులను దవడలతో దగ్గరికి లాగి పట్టుకుంటాయి. ఆకుల మధ్య ఎడం ఎక్కువైతే ఒకదాని నడుమును మరొకటి పట్టుకొని గొలుసు కడతాయి. అప్పుడు గూటిలోంచి వేరే చీమలు పిల్లపురుగులను నోట కరుచుకొని వచ్చి, వాటి తలను ఈ ఆకుకూ ఆ ఆకుకూ మార్చి మార్చి ఆనిస్తాయి. పిల్లపురుగు నోటి నుంచి వచ్చే పట్టుదారమే మీరు అతుకు అనుకుంటున్న ఆ తెల్లటి పొర. దారమంతా గూటికే ఖర్చవుతుంది కనుక ఈ పిల్లలు తమ కోసం పట్టుకాయ కట్టుకోవు.

ఇవి చెట్టు మీద దొరికిన పురుగునల్లా వేటాడతాయి. జీడిమామిడి పూత మాడ్చేసే టీ దోమ కూడా వీటికి ఆహారమే. చైనాలో నారింజ తోటల రైతులు వీటి గూళ్ళను కొని తెచ్చి చెట్లకు కట్టేవారని క్రీస్తుశకం 304 నాటిదిగా చెప్పే గ్రంథంలో ఉంది. ఒడిశాలోని మయూర్‌భంజ్‌లో వీటితో చేసే పుల్లని కై చట్నీకి 2024లో భౌగోళిక గుర్తింపు లభించింది. ఆ పులుపు ఈ ఆమ్లానిదే. అయితే ఒక సంగతి దాచకూడదు. తియ్యని ద్రవం కోసం ఇవి పిండినల్లిని కూడా కాపాడతాయి కాబట్టి, గూళ్ళ దగ్గర పిండినల్లి పట్టిన కొమ్మలు కనిపిస్తే కత్తిరించి తీసివేయండి.

కూలీల ఇబ్బంది నిజమైనదే. జీడిగింజ రాలిన తరువాతే ఏరతారు కనుక, తలకు తగిలే ఎత్తులో ఉన్న గూళ్ళను మాత్రం ఏరివేతకు ముందు కొమ్మతో సహా కోసి, మనుషులు తక్కువగా తిరిగే చెట్టుకు కట్టించండి. ఆ పని చేసేవారు కళ్ళకు అడ్డం పెట్టుకోవాలి, ఎందుకంటే గూడు కదలగానే చీమలు ఆమ్లం చిమ్ముతాయి. చైనా రైతులు చెట్టుకూ చెట్టుకూ మధ్య వెదురు బద్దలు వంతెనగా కట్టేవారు. మీ తోటలోనూ అలా కడితే చీమలు నేలకు దిగకుండా పైనే తిరుగుతాయి, ఏరేవారి కాళ్ళ మీదికి వచ్చేవి తగ్గుతాయి.