కొత్త అసోసియేట్ డీన్ ముందుగా ఎవరిని కలవాలి?

మేడమ్ గారికి నమస్కారం. వ్యవసాయ కళాశాలలో అసోసియేట్ డీన్‌గా, అంటే కళాశాల అధిపతిగా, చేరి కొన్ని వారాలైనా అధ్యాపకులు సంతకాలకు తప్ప మీ గదికి రావడం లేదని, చుట్టుపక్కల రైతులకు కళాశాలతో సంబంధమే లేనట్లుందని రాశారు.

అందరినీ సమావేశానికి పిలిపించడం కంటే మీరే వారి చోటికి వెళ్లడం మేలని నా నమ్మకం. కీటకశాస్త్ర ప్రయోగశాలలో ఎన్ని మైక్రోస్కోపులు పనిచేస్తున్నాయో అక్కడి సహాయకుణ్ణి అడగండి. ఆ ఒక్క ప్రశ్నతో మరమ్మతులు, నిధులు, ఖాళీ పోస్టుల సంగతులన్నీ ఆయనే చెప్పుకొస్తారు. కళాశాల పొలంలోని కూలీలను కూడా పలకరించండి, ఏ మడిలో నీరు నిలుస్తుందో, ఏ బోరు వేసవిలో ఎండుతుందో వారికి బాగా తెలుసు.

రైతుల విషయంలో మీకున్న గట్టి ఆధారం నాలుగో సంవత్సరం విద్యార్థులు ఊళ్లలో ఉంటూ రైతుల దగ్గర పని నేర్చుకునే గ్రామీణ వ్యవసాయ పని అనుభవ కార్యక్రమమే. వారు ఉంటున్న ఊళ్లకు ముందుగా కబురు చేసి వెళ్లి, రైతుతో పాటు పొలంగట్టు మీద నడుస్తూ ఆయన చెప్పేది పూర్తిగా వినండి. వాగ్దానాలేవీ చేయకుండా, ఆయన అడిగిన సందేహానికి వారంలోగా సంబంధిత శాస్త్రవేత్త చేత ఫోన్ చేయించండి. జగిత్యాల దగ్గరి పొలాసలో వలె కళాశాల పక్కనే పరిశోధన స్థానం ఉంటే ఈ పని మరీ సులువు. అక్కడి జె.జి.ఎల్. 1798 వరి రకాన్ని రైతులు జగిత్యాల సన్నాలు అని తమ ఊరి పేరుతోనే పిలుచుకుంటారు.

మీకు ముందు పనిచేసిన అసోసియేట్ డీన్ గారి నిర్ణయాలను, ఆయనతో మాట్లాడే వరకు, మార్చకండి. హాస్టల్ మెస్ సంగతి మాత్రం ఆగదు, ఈ వారమే విద్యార్థులతో కలిసి అక్కడ భోజనం చేయండి.