టేపు నీ చేతిలోనే ఉండాలి, అల్లుడూ

చిరంజీవి అల్లుడికి,

మిర్యాలగూడ నుంచి మామ ఆశీస్సులు.

అక్క ఫోన్ చేసి చెప్పింది. కృష్ణపట్నం పోర్టులో ఓడ దిగే గ్యాస్ వెసెల్‌ను, అంటే ఆ పెద్ద ఇనుప ట్యాంకును, చౌటుప్పల్ దాకా తెచ్చే పనికి నిన్ను సూపర్‌వైజర్‌గా పెట్టారట. చాలా సంతోషమైంది. ఆ రాత్రి సరిగా నిద్ర కూడా పట్టలేదు. ముప్పై ఏళ్లు ఓడీసీ బండ్ల మీద, అంటే మామూలు కొలతలు దాటిన సరుకు మోసే బండ్ల మీద, బతికినవాణ్ణి, ఆ పనిలో ఎక్కడ ఏముంటుందో నాకు తెలుసు. ఫోన్‌లో చెబితే సగం మరిచిపోతావని రాస్తున్నాను. బండిలో పెట్టుకుని తీరిక దొరికినప్పుడు చదువుకో.

నువ్వు పంపిన డ్రాయింగ్ చూశాను. 28 మీటర్ల పొడవు, 4 మీటర్ల వ్యాసం, 120 టన్నులు. ఆ అంకెలు ఫ్యాక్టరీలో గీసినవాళ్లవి, రోడ్డుకు సంబంధించినవి కావు. వెసెల్ పైన పైపులు తగిలించే మూతులు, నాజిళ్లు ఉంటాయి, వాటికి చెక్క మూతలు బిగిస్తారు, ఎత్తడానికి లగ్గులు ఉంటాయి, ప్లాట్‌ఫారాలు తగిలించే క్లిప్పులు ఉంటాయి. వ్యాసం 4 మీటర్లని రాసినంత మాత్రాన వెడల్పు 4 మీటర్లే అనుకోకు. బండి మీద పెట్టాక, వెసెల్ కూర్చునే దిమ్మె, సాడిల్ మీద సర్దాక, బండి బెడ్‌ను నడిచే ఎత్తుకు తెచ్చాక, టేపు పట్టి నువ్వే కొలవాలి. హెల్పర్ చెప్పిన అంకె రాసుకోవద్దు. కింది నుంచి కర్ర పెట్టి అంచనా వేయొద్దు. నిచ్చెన ఎక్కు.

ఎందుకు ఇంత గట్టిగా చెబుతున్నానో లెక్క చూడు. హైడ్రాలిక్ యాక్సిల్ బెడ్, అంటే చక్రాల వరసల మీద లేపీ దించీ చేసే బండి పలక, ఎత్తు సుమారు 1.2 మీటర్లు. సాడిల్ ఇంకో 30 సెంటీమీటర్లు. వెసెల్ 4 మీటర్లు. ఇక్కడికే 5.5 అయింది. పైన నాజిల్ పావు మీటరు లేచి ఉంటే 5.75. జాతీయ రహదారి మీద ఫ్లైఓవర్ల కింద వదిలే ఎత్తు మామూలుగా 5.5 మీటర్లే. బెడ్‌ను హైడ్రాలిక్‌తో 30 సెంటీమీటర్లు దించినా 5.45 వస్తుంది. మిగిలేది 5 సెంటీమీటర్లు. రోడ్డు మీద ఒక పొర తారు కొత్తగా వేసి ఉంటే అదీ పోతుంది. కాబట్టి నాజిల్ ఏ దిక్కుకు తిరిగి ఉండాలో ఓడ ఎక్కించకముందే అవతలివాళ్లను అడగాలి. ఓడ వచ్చేశాక అడిగితే అందరూ నీ మీద అరుస్తారు. ఆ ఉత్తరం ఇవాళే పంపు.

ఇంకో సంగతి ఉంది, ఇది ఏ పర్మిషన్ కాగితంలోనూ రాసి ఉండదు. వంతెన కింద రోడ్డు పల్లంలోకి దిగి మళ్లీ ఎక్కుతుంటే, వంతెన కింద నిలబడి తీసిన కొలత నిన్ను మోసం చేస్తుంది. ముందు చక్రాలు, వెనక చక్రాలు రెండు గట్ల మీద ఉంటాయి. మధ్యలో వెసెల్ మాత్రం పల్లం మీద వంతెనలాగా నిలబడుతుంది. అప్పుడు దాని నడుము, నువ్వు రోడ్డు నుంచి కొలిచిన దానికంటే పైకి పోతుంది. ఒక అండర్‌పాస్ కింద నా బండి సరిగ్గా ఇలాగే ఇరుక్కుంది. ముందు భాగం హాయిగా దాటింది, నడుము తగిలింది. నాజిల్ మూత చితికి, అంచు గీరుకుపోయి, ఆ వెసెల్‌ను ఇంజినీర్లు పరీక్షించి ఒప్పుకునేదాకా నెల రోజులు యార్డులోనే ఉంది. అప్పటి నుంచి పల్లం కనిపిస్తే దారం కట్టి కొలుస్తాను. ఈ గట్టు నుంచి ఆ గట్టుకు దారం లాగి, ఆ దారం నుంచి వంతెన అడుగుకు ఎంతుందో చూస్తాను. నువ్వూ అలాగే చూడు.

రోడ్డు పక్కకు వాలి ఉన్నచోట కూడా ఇలాంటిదే. మలుపులో రోడ్డు 5 శాతం వాలితే, 5 మీటర్ల ఎత్తున ఉన్న నాజిల్ 25 సెంటీమీటర్లు పక్కకు జరుగుతుంది. కొమ్మలు, బోర్డులు తగిలేది అక్కడే. పల్లం వైపు యాక్సిళ్లను హైడ్రాలిక్‌తో లేపి బెడ్‌ను సమంగా పెట్టమని ఆపరేటర్‌కు ముందే చెప్పు, మలుపులోకి వచ్చాక కాదు.

దారి గురించి నీ అభిప్రాయంతో నేనూ ఏకీభవిస్తాను. నెల్లూరు నుంచి ఒంగోలు, మేదరమెట్ల దాకా 16వ నంబరు రహదారి, అక్కడి నుంచి అద్దంకి, నరసరావుపేట, పిడుగురాళ్ల మీదుగా వాడపల్లి దగ్గర కృష్ణ దాటి మన నార్కట్‌పల్లి రోడ్డు. మీ ఆఫీసులో ఎవరో కర్నూలు మీదుగా 44 పట్టుకుని బీచుపల్లి, జడ్చర్ల వైపు రమ్మంటున్నారని అన్నావు. చుట్టూ తిరగడం తప్ప లాభం లేదు. మేదరమెట్ల నుంచి నార్కట్‌పల్లికి 212 కిలోమీటర్లు. ఆ 212 కిలోమీటర్లూ బండి కదలకముందే కనీసం రెండుసార్లు తిరుగు. ఒకసారి పొద్దున్నే, ఒకసారి మండు మధ్యాహ్నం.

రెండుసార్లు ఎందుకంటే కరెంటు తీగల కోసం. రోడ్డు మీదుగా దాటే 11 కేవీ లైను నేల నుంచి కనీసం 6.1 మీటర్లు ఉండాలని నిబంధన. చిన్న లైన్లకు 5.8. కానీ తీగ ఎండకు సాగుతుంది. మన నల్లగొండ మే నెల ఎండ నీకు తెలియనిది కాదు. దానికి తోడు పొలాల్లో మోటార్లన్నీ ఒక్కసారి నడిస్తే తీగలో కరెంటు పెరిగి ఇంకా వేడెక్కుతుంది, ఇంకా కిందికి జారుతుంది. పొద్దున ఆరింటికి చూసిన తీగ మధ్యాహ్నం రెండింటికి ఆ ఎత్తులో ఉండదు.

ఈ తీగల విషయంలో నా గుండెలో ఒక ముల్లు ఇప్పటికీ ఉంది. మా పక్క తండా పిల్లవాడు ఒకడు నా దగ్గర హెల్పర్‌గా చేసేవాడు. ఇరవై ఏళ్లు కూడా నిండలేదు. పొద్దుపోతోంది, వాన తుంపర పడుతోంది, సైట్‌లో క్రేన్ అద్దె నడుస్తోందని పార్టీవాళ్లు, అంటే సరుకు సొంతదారులు, గంటకోసారి ఫోన్ చేస్తున్నారు. లైన్‌మన్ వచ్చేదాకా ఆగకుండా ఆ పిల్లవాడు వెదురు కర్రతో తీగను లేపాడు. నేను చూస్తూ ఊరుకున్నాను. ఎన్నోసార్లు అలాగే లేపాం కాబట్టి ఏమీ కాదనుకున్నాను. తడిసిన వెదురు కరెంటును ఆపదు. ప్రాణం దక్కింది కానీ కుడిచేతి రెండు వేళ్లు పోయాయి. ఆ పిల్లవాడి అమ్మ నన్ను ఒక్క మాట అనలేదు. అందుకే ఇంకా బాధగా ఉంటుంది.

కాబట్టి అల్లుడూ, తీగకు తగిలే అవకాశం ఉన్న ప్రతి చోటా లైన్‌మన్ వచ్చి, సబ్‌స్టేషన్ నుంచి ఎల్సీ, అంటే లైన్‌లో కరెంటు ఆపినట్టు అనుమతి, తీసుకున్నాకే బండి కదలాలి. ఎల్సీ తీసుకున్నాననే మాట లైన్‌మన్ నోటి నుంచి నువ్వే వినాలి. కరెంటు ఆఫీసులకు తేదీ, గంట రాసి ముందుగానే అర్జీ పెట్టు. వాళ్లకు రైతుల కరెంటు ఆపడం కష్టమైన పని. మర్యాదగా అడిగితే ఇస్తారు. ఎల్సీ దొరకని రోజు బండి ఆగుతుంది. పార్టీవాళ్లు ఎంత అరిచినా ఆగాల్సిందే.

వంతెనల మీద నడక నీకు తెలిసిందే అనుకుంటాను, అయినా చెబుతాను. గంటకు 5 కిలోమీటర్లకు మించొద్దు. వంతెన నడిమధ్యన పోవాలి. ముందూ వెనకా ఇంకే బండీ వంతెన మీద ఉండకూడదు. బ్రేకు వేయకూడదు, ఎందుకంటే అంత బరువు మీద బ్రేకు వేస్తే ఆ తోపు వంతెన కింది బేరింగుల మీద పడుతుంది. గేరు వంతెన ఎక్కకముందే మార్చుకోవాలి. ఈ మధ్య కట్టిన వంతెనలకు 385 టన్నుల ప్రత్యేక వాహనం నడిమధ్యన మెల్లగా పోయినట్టు లెక్క వేసి డిజైన్ చేస్తున్నారు. పాతవి చాలావరకు 100 టన్నుల చక్రాల బండి లెక్కతో కట్టినవి. యాక్సిల్ వరసకు 18 టన్నులు దాటకుండా చూసుకో. 120 టన్నుల సరుకు, 10 వరసలు, వరసకు సొంత బరువు 4 టన్నులు అనుకుంటే మొత్తం 160, వరసకు 16 పడుతుంది. బాగానే ఉంది. కానీ గురుత్వ కేంద్రం గుర్తు వెసెల్ మీద ఎక్కడ ఉందో చూసి, అది వరసల నడుమకు రాకపోతే ఈ లెక్క పనికిరాదు. హైడ్రాలిక్ గేజీలు నాలుగు మూలలా చూసి రాసుకో.

వాడపల్లి వంతెన పెద్దదని భయపడకు. దాని లెక్కలు ఇంజినీర్ల దగ్గర ఉంటాయి. నన్ను టెన్షన్ పెట్టేవి చిన్న కల్వర్టులు. వాటి కాగితాలు ఎవరి దగ్గరా ఉండవు. వేములపల్లి దగ్గర సాగర్ ఎడమ కాలువ దాటే చోట దిగి, వంతెన అడుగున చూసి, పగుళ్లు ఫొటో తీసుకో. బండి పోయాక మళ్లీ తీసుకో. రేపు ఎవరైనా నీ బండి వల్ల పగిలిందంటే ఆ ఫొటోలే నీకు సాక్ష్యం.

కాగితాల గురించి ఎక్కువ చెప్పను, మీ ఆఫీసు చూసుకుంటుంది. మామూలు బండికి వెడల్పు 2.6 మీటర్లే హద్దు కాబట్టి నీకు ప్రత్యేక అనుమతి తప్పదు. జాతీయ రహదారికి కేంద్ర రోడ్డు రవాణా శాఖ పోర్టల్‌లో, రాష్ట్ర రోడ్డు ముక్కలకు రెండు రాష్ట్రాల్లోనూ వేరువేరుగా. అందులో బండి నంబరు, దాన్ని లాగే పుల్లర్ నంబరు ఒక్క అక్షరం తప్పున్నా వాడపల్లి దగ్గర రెండు రోజులు ఆగిపోతావు.

వెసెల్ సంగతి. ఇది ఇనుప పైపు కాదు, గ్యాస్ ఒత్తిడిని మోయాల్సిన సామాను. దాని ఒంటి మీద ఎక్కడా వెల్డింగ్ వేయనివ్వకు. సరుకు జారకుండా ఆపే స్టాపర్లు వెల్డ్ చేయాలంటే బెడ్ మీదే. గొలుసు నేరుగా ఒంటికి తగలకూడదు, వెడల్పు బెల్టులు వాడి, కింద రబ్బరు వేయించు. ఇనుము మీద ఇనుము జారుతుంది, సాడిల్ కింద కూడా రబ్బరో చెక్కో ఉండాలి. కట్టు ఎంత గట్టిగా ఉండాలంటే, ముందుకు సరుకు బరువులో 80 శాతం, పక్కలకూ వెనక్కూ సగం తోపును ఆపగలగాలి. మొదటి 20 కిలోమీటర్లకే బెల్టులు వదులవుతాయి, ఆపి బిగించు.

లోపల తుప్పు పట్టకుండా నైట్రోజన్ నింపి పంపుతారు. చిన్న గేజు ఉంటుంది, రోజూ పొద్దున దాని అంకె రాసుకో. పడిపోతుంటే పార్టీకి చెప్పు. మూత మాత్రం ఎవరూ విప్పకూడదు. నైట్రోజన్‌కు వాసన ఉండదు, రంగు ఉండదు, లోపలికి తల పెట్టినవాడు కేక వేయకుండానే పడిపోతాడు. హెల్పర్లందరినీ కూర్చోబెట్టి ఇది వాళ్లకు అర్థమయ్యే మాటల్లో చెప్పు.

రోజుల లెక్క కూడా చూసుకో. సంక్రాంతి వారంలో విజయవాడ రోడ్డు మీదికి రావద్దు, పంతంగి టోల్ గేటు దగ్గర కార్లే కదలవు. మాఘంలో చెర్వుగట్టు జాతర రోజుల్లో నార్కట్‌పల్లి దగ్గర జనం రోడ్డు మీదే ఉంటారు. వరి కోతలప్పుడు మా మిర్యాలగూడ మిల్లుల ముందు వడ్ల ట్రాక్టర్లు బారులు తీరి ఉంటాయి, సర్వీస్ రోడ్ల మీద వడ్లు ఆరబోసి ఉంటాయి. ఆ వడ్ల మీదుగా చక్రం పోనివ్వకు. అరగంట ఆగి, దిగి అడిగితే వాళ్లే కుప్ప చేసి దారి ఇస్తారు. వాళ్ల ఏడాది కష్టం అది. టోల్ గేట్లలో చివరన 4.5 మీటర్ల వెడల్పు లేన్ ఉంటుంది, నీది అదే. ముందురోజే మేనేజర్‌తో మాట్లాడు. రాత్రి ఆపేటప్పుడు తారు మీదో, గట్టి నేల మీదో ఆపు. వాన పడిన రేగడి నేల మీద ఒక పక్క దిగబడితే మళ్లీ లేపడానికి క్రేన్ కావాలి.

ఇంకొకటి నీ మనుషులకు మొదటి రోజే చెప్పు. ‘పద’ అనే మాట వాకీటాకీలో నువ్వొక్కడివే అనాలి. ‘ఆగు’ అనే మాట ఎవరైనా అనొచ్చు, క్లీనర్ పిల్లవాడు అన్నా సరే బండి ఆగాలి. అనవసరంగా ఆపాడని ఎవరినీ తిట్టకు. ఒకసారి తిట్టావంటే ఇంకెప్పుడూ నోరు విప్పరు.

బండి ఎక్కించాక తీసిన కొలతల కాగితం నాకు వాట్సాప్‌లో పంపు. నా లెక్కతో సరిచూసి చెబుతాను. పొందుగల దాటాక ఫోన్ చెయ్యి, వాడపల్లి వంతెన ఇవతల గట్టు మీద నేనుంటాను. మీ అత్త నీకూ, నీ మనుషులందరికీ అన్నం కట్టిస్తానంటోంది, ఎంతమందో చెప్పు.

ఇట్లు,
మీ మామ