కుండీలో బ్లూ స్ప్రూస్: హైదరాబాదు అలవాట్లు ఎక్కడ పనికిరావు

సందేహం: మేం అమెరికాలో ఉంటాం. డిసెంబరులో క్రిస్మస్ చెట్టుగా కుండీతో సహా కొన్న బ్లూ స్ప్రూస్ (సూదుల్లాంటి ఆకులుండే చెట్టు) మా బాల్కనీలో ఉంది. డబ్బా అడుగు రంధ్రాల్లోంచి వేర్లు బయటికి వస్తున్నాయి. హైదరాబాదులో అమ్మ కుండీలన్నీ తొలకరిలోనే మార్చేది. దీన్నీ జూన్‌లో మార్చొచ్చా? ఏ మట్టి వాడాలి?

జవాబు: జూన్‌లో వద్దండి. హైదరాబాదులో ఆ పద్ధతికి అర్థముంది. తొలకరికి ఎండలు తగ్గుతాయి, గాలిలో తేమ పెరుగుతుంది, మందారం, మల్లె, కరివేపాకు లాంటివి త్వరగా తేరుకుంటాయి. బ్లూ స్ప్రూస్ మాత్రం కొలరాడో, యూటా, వయోమింగ్ వైపు రాకీ పర్వతాల చెట్టు. 1939 నుంచి కొలరాడోకి రాష్ట్ర వృక్షం. చలికాలమంతా నిద్రాణంగా ఉండి, వసంతంలో ఒక్కసారి చిగురేస్తుంది. కొమ్మల పొడవు ఏడాదికంతా ఆ కొద్ది వారాల్లోనే పెరిగిపోతుంది. జూన్‌లో చిగురు ఇంకా లేతగానే ఉంటుంది, నీళ్ళు బాగా అడుగుతుంది. సరిగ్గా అప్పుడే వేర్లు తెగితే చిగురు వాలిపోతుంది, ఆ ఏటి పెరుగుదల అక్కడితో ఆగిపోతుంది.

సరైన సమయం తేదీని చూసి కాదు, మొగ్గను చూసి తెలుసుకోవాలి. కొమ్మ చివర గోధుమరంగు కాగితం లాంటి పొలుసులు కప్పుకున్న మొగ్గ ఉంటుంది. కుండీలోని మట్టి గడ్డకట్టడం మానేసి, ఆ మొగ్గ కాస్త ఉబ్బి, పొలుసులు ఇంకా ఊడకముందు మార్చాలి. చలి రాష్ట్రాల్లో చాలా చోట్ల ఇది మార్చి చివర నుంచి ఏప్రిల్ దాకా వస్తుంది. అది తప్పిపోతే ఆగస్టు చివర నుంచి సెప్టెంబరు దాకా ఇంకో అవకాశం ఉంటుంది. నేల గడ్డకట్టడానికి కనీసం ఆరు వారాల ముందే ముగించాలి, కొత్త వేర్లు పట్టుకోవడానికి ఆ మాత్రం గడువు కావాలి. డిసెంబరులో కొన్న వెంటనే మార్చేస్తే ఏ లాభమూ లేదు. క్రిస్మస్ పండక్కి ఇంట్లో పెట్టుకున్నా వారం, పది రోజులు మించొద్దు. హీటర్ వేడికి మొగ్గలు నిద్రలేస్తాయి, తర్వాత బయట పెట్టగానే గడ్డకట్టి పోతాయి.

కుండీ సైజు దగ్గరే ఎక్కువమంది పొరబడతారు. పదేపదే మార్చే పని ఉండదని పెద్ద సిమెంటు కుండీలో పెట్టేయడం మనకు అలవాటు. ఇక్కడ అలా చేస్తే వేర్లు చేరని మట్టిలో నీళ్ళు నిలిచిపోతాయి. ఆ చల్లని తడిలో వేర్లు కుళ్ళిపోతాయి. ఇప్పుడున్న డబ్బా కన్నా రెండు, మూడు అంగుళాలు మాత్రమే వెడల్పున్నది తీసుకోండి. దుకాణాల్లో దొరికే ఐదు గాలన్ల నర్సరీ డబ్బా సుమారు 12 అంగుళాల వెడల్పు ఉంటుంది, దానికి 14 లేక 15 అంగుళాల కుండీ చాలు. మట్టి కుండీ చూడ్డానికి బాగానే ఉన్నా, తడి గడ్డకట్టినప్పుడు పగులుతుంది. మందపాటి ప్లాస్టిక్, ఫైబర్‌గ్లాస్, చెక్క మేలు. అడుగున రంధ్రాలు తప్పనిసరి. నింపాక బరువు చాలా పెరుగుతుంది కాబట్టి చక్రాల స్టాండు ముందే కింద పెట్టుకోండి.

ఇక మట్టి. ఎర్రమట్టి, పశువుల ఎరువు, కాస్త ఇసుక అనే మన కొలతను పూర్తిగా పక్కన పెట్టండి. పెరట్లోని మట్టి తవ్వి తెచ్చి కుండీలో పోసినా అంతే, రెండు మూడు నెలల్లో గట్టిపడి గాలి ఆడదు. ఈ చెట్టుకి గుల్లగా, కాస్త ఆమ్ల గుణంతో, నీళ్ళు జారిపోయే మిశ్రమం కావాలి. సన్నగా తరిగిన పైన్ బెరడు మూడు పాళ్ళు, పెర్లైట్ లేక ప్యూమిస్ (తేలికైన గుల్ల రాతి ముక్కలు) ఒక పాలు, పీట్ మాస్ (చిత్తడి నేలల్లోని కుళ్ళిన నాచు) ఒక పాలు కలపండి. పైన చెప్పిన 15 అంగుళాల కుండీలో పాత వేరుముద్ద పోగా పదిహేను నుంచి ఇరవై లీటర్లు పడుతుంది. పీట్ మాస్ పొడిగా ఉంటే నీళ్ళు పీల్చదు, పైనుంచి జారిపోతుంది. అందుకే ముందు రోజే గోరువెచ్చని నీళ్ళు చల్లి, చేత్తో పిండితే ముద్ద అయ్యేలా, నీళ్ళు మాత్రం కారకుండా తడిపి ఉంచాలి. పశువుల ఎరువూ వర్మీ కంపోస్టూ ఇందులో కలపొద్దు. తెగిన వేర్లకు అప్పుడే ఆహారం అక్కర్లేదు, వాటిలోని లవణాలు కొత్త వేరు కొనలను కాలుస్తాయి.

కుండీ అడుగున గులకరాళ్ళో పెంకులో పరచడం మనందరి చేతి అలవాటు. దానివల్ల నీళ్ళు త్వరగా పోవు. సన్నని మట్టిలోంచి నీరు పెద్ద ఖాళీలున్న రాళ్ళలోకి సులభంగా దిగదు, మట్టి పొర అడుగునే ఆగిపోతుంది. అంటే తడిసి ఉండే పొర ఇంకా పైకి, వేర్ల దగ్గరికి వస్తుందన్నమాట. రంధ్రాల మీద చిన్న జాలీ ముక్క పెడితే సరిపోతుంది.

మార్చే ముందు రోజు మొక్కకి నిండుగా నీళ్ళు పెట్టండి. సూదులు నిజంగా గుచ్చుకుంటాయి, తోలు గ్లవ్స్, పొడుగు చేతుల చొక్కా వేసుకోండి. కొమ్మలను పాత దుప్పటితో వదులుగా చుట్టి, డబ్బాను పక్కకు పడుకోబెట్టి, చుట్టూ తట్టి, డబ్బానే వెనక్కి లాగండి. కాండం పట్టుకుని లాగితే సన్నని వేర్లు మొదలు దగ్గరే తెగిపోతాయి. రాకపోతే డబ్బా కోసేయండి, పోయేది ప్లాస్టిక్కే.

బయటికి తీశాక వేరుముద్దను తీరిగ్గా చూడండి. బతికిన వేరు వంచితే వంగుతుంది, గోటితో గీరితే లోపల తెల్లగా ఉంటుంది. కుళ్ళిన వేరు నల్లగా ఉండి, రెండు వేళ్ళతో లాగితే పైతోలు తొడుగులా ఊడివచ్చి లోపల సన్నని దారం మిగులుతుంది. అలాంటివన్నీ కత్తిరించేయండి. వేర్ల మధ్య తెల్లని బూజులా, పుట్టగొడుగుల వాసనతో ఏదైనా కనిపిస్తే కంగారుపడి పంపు కింద కడగొద్దు. చాలావరకు అది వేర్లతో కలిసి బతికే శిలీంధ్రమే, నీళ్ళూ పోషకాలూ వెతికి తెచ్చి చెట్టుకి అందిస్తుంది. ఆ కారణంగానే పాత మట్టిని మొత్తం దులిపేసి వేర్లను నగ్నంగా చేయకూడదు.

డబ్బా గోడ వెంబడి గుండ్రంగా తిరిగిన వేర్లను మాత్రం వదలొద్దు. వదిలితే కొత్త కుండీలోనూ అలాగే చుట్టుకుంటూ, లావెక్కాక మొదలునే బిగించేస్తాయి. పదునైన కత్తితో ముద్ద పక్కల నాలుగుచోట్ల పైనుంచి కిందికి అంగుళం లోతు గాట్లు పెట్టి, అడుగున చాపలా అల్లుకున్న పొరను కోసి తీసేయండి. మొత్తం మీద మూడో వంతు కన్నా ఎక్కువ వేర్లు పోకూడదు. వేర్లు తీశాం కదా అని పైన కొమ్మలు కత్తిరించే అలవాటు కూడా వద్దు. ఆకు లేని పాత కొమ్మ దాకా కోస్తే స్ప్రూస్ అక్కడ మళ్ళీ చిగురించదు, ఆ ఖాళీ అలాగే ఉండిపోతుంది.

లోతు విషయంలో జాగ్రత్త. కాండం అడుగున వెడల్పై వేర్లుగా విడిపోయే చోటు మట్టి పైకి కనిపించాలి. నర్సరీ డబ్బాల్లో చాలాసార్లు అది రెండు అంగుళాల మట్టి కింద పూడిపోయి ఉంటుంది, వేళ్ళతో తవ్వి బయటపెట్టండి. అంటుకట్టిన మొక్కైతే అంటు కూడా పైనే ఉండాలి. చుట్టూ మిశ్రమం పోస్తూ చెక్కపుల్లతో పొడిచి ఖాళీలు పూడ్చండి. పిడికిలితో గట్టిగా అదమకండి. అంచుకి అంగుళంన్నర కింద ఆపి, అడుగు రంధ్రాల్లోంచి కారేదాకా నీళ్ళు పోసి, అరగంట ఆగి మళ్ళీ పోయండి.

తర్వాత రెండు వారాలు పొద్దుటి ఎండ, మధ్యాహ్నం నీడ, గాలి నేరుగా తగలని చోటు. ఆ పైన రోజుకి కనీసం ఆరు గంటల ఎండ కావాలి. నీళ్ళు మాత్రం గడియారం చూసి పోయొద్దు. రెండు అంగుళాల లోతులో వేలు పెట్టి చూసి, పొడిగా తగిలితేనే పోయాలి. సెలవులకి హైదరాబాదు నుంచి వచ్చిన అమ్మానాన్నలు ప్రేమగా రోజూ సాయంత్రం మగ్గుతో పోస్తుంటారు. వాళ్ళకి ఈ వేలి పరీక్ష ముందే చూపించండి, ఎందుకంటే అతి నీళ్ళ నష్టం వెంటనే బయటపడదు. వేర్లు చచ్చాక కూడా సూదులు వారాల తరబడి పచ్చగానే ఉంటాయి. గోధుమరంగుకు తిరిగేసరికి చేయగలిగింది ఏమీ ఉండదు. అనుమానమొస్తే చిన్న కొమ్మ బెరడు గోటితో గీరండి, కింద పచ్చగా తడిగా ఉంటే ప్రాణముంది. ఎరువు ఆరు వారాల దాకా ఆపి, ఆ తర్వాత మెల్లగా కరిగే గుళికలు పాకెట్ మీద రాసినదానిలో సగం వేయండి. జూలై తర్వాత అసలు వేయొద్దు, లేటుగా వచ్చిన చిగురు చలికి మాడిపోతుంది.

లోపలి వైపు పాత సూదులు శరదృతువులో పసుపెక్కి రాలడం మామూలే. ఎండాకాలంలో సూదులు దుమ్ముపట్టినట్టు వెలిసిపోతే మాత్రం కొమ్మ కింద తెల్ల కాగితం పెట్టి తట్టండి. పడిన చుక్కలు కదిలితే అవి సూదుల రసం పీల్చే నల్లులు (స్పైడర్ మైట్స్). నీళ్ళ పైపుతో కొమ్మల లోపలిదాకా గట్టిగా కొట్టి కడిగేయండి. నూనె మందులు మాత్రం కొట్టకండి. ఆ నీలం రంగు సూదుల మీదున్న మైనపు పూత వల్ల వచ్చింది, నూనె తగిలితే పోతుంది, ఆ సూదుల మీద తిరిగి రాదు.

చలికాలంలో పైభాగం ఎంత చలినైనా ఓర్చుకుంటుంది కానీ, కుండీలోని వేర్లకు నేల రక్షణ ఉండదు. కుండీని గోడ వారకి జరిపి చుట్టూ గోనెపట్టా కట్టండి, మట్టి గడ్డకట్టని రోజుల్లో అప్పుడప్పుడు నీళ్ళివ్వండి. మామూలు బ్లూ స్ప్రూస్ యాభై అడుగులు దాటే చెట్టు, కుండీ దానికి కొన్నేళ్ళ మజిలీయే. అద్దె ఇంట్లో ఉన్నవాళ్ళు గ్లోబోసా, మాంట్‌గోమరీ లాంటి పొట్టి రకాలు కొనుక్కుంటే రెండు మూడేళ్ళకోసారి మార్చుకుంటూ చాలాకాలం పెంచుకోవచ్చు.

దీన్ని హైదరాబాదు ఇంటికి తీసుకెళ్ళొచ్చా అని కూడా చాలామంది అడుగుతుంటారు. వద్దు. 2003 నాటి ప్లాంట్ క్వారంటైన్ ఉత్తర్వు ప్రకారం దిగుమతి పర్మిట్, మొక్క ఆరోగ్య ధ్రువపత్రం లేకుండా మొక్కను లోపలికి రానివ్వరు. అవి రెండూ సంపాదించినా, మొగ్గలు సరిగ్గా విచ్చుకోవడానికి వారాల తరబడి గట్టి చలి కావాలి, అది హైదరాబాదు శీతాకాలంలో దొరకదు. ఏప్రిల్, మే వేడికి నిలవదు. ఇంట్లో క్రిస్మస్ చెట్టు ఆకారమే కావాలంటే అక్కడి నర్సరీల్లో అరకేరియా దొరుకుతుంది. కొనేటప్పుడు నడిమి కొన విరగనిది చూసి తీసుకోమనండి, ఆ కొన పోతే చెట్టు మళ్ళీ నిటారుగా పెరగడం కష్టం.